తెలుగు పాత చిత్రాల రీళ్లు, సౌండ్ ట్రాక్‌ల పరిరక్షణ

(ప్రత్యేక వ్యాసం - పాత్రికేయులు, అధికారుల సమాచార నిమిత్తం)

డోర్నకల్: మహాకవి దాశరథి కృష్ణమాచార్య జన్మించి 2025 జులై 22 నాటికి నూరు సంవత్సరాలు నిండాయి. ఆయన జన్మస్థలమైన చిన్నగూడూరు నేటి మహబూబాబాద్ జిల్లాలో, డోర్నకల్ శాసనసభ నియోజకవర్గ పరిధిలో ఉంది. నిజాం నిరంకుశ పాలనను ఎదిరించి కారాగారవాసం అనుభవించిన యోధునిగా, ‘తిమిరంతో సమరం’ కావ్యానికి 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కవిగా, 1977 నుండి 1983 వరకు ఆంధ్రప్రదేశ్ ఆస్థాన కవిగా ఆయన సుప్రసిద్ధులు. అయితే అక్షరం రాని ఇంటికి కూడా దాశరథి చేరినది చలనచిత్ర గీతాల ద్వారానే. 1961లో విడుదలైన ‘వాగ్దానం’, ‘ఇద్దరు మిత్రులు’ చిత్రాలతో మొదలైన ఆ ప్రస్థానం ‘రంగుల రాట్నం’ (1966), ‘రాము’ (1968) తదితర చిత్రాల మీదుగా సాగింది.

ఆ పాటలు నేటికీ ఆకాశవాణిలో, టెలివిజన్‌లో, చరవాణులలో వినబడుతూనే ఉన్నాయి. పాట అంత సులభంగా లభిస్తున్నందువల్ల ఆ చిత్రం కూడా ఎక్కడో పదిలంగానే ఉన్నదనే భావన సర్వత్రా నెలకొని ఉంది. అధికారులలోనూ, పాత్రికేయ మిత్రులలోనూ ఈ భావన కనిపిస్తుంది. వాస్తవానికి పాట వినబడటం వేరు, ఆ పాట ఉన్న చిత్రం తాలూకు రీలు నిలిచి ఉండటం వేరు. ఈ రెండింటి మధ్య గల అంతరం ఏమిటి, పాత చిత్రాలు ఏయే కారణాలచేత నశిస్తున్నాయి, వాటి పునరుద్ధరణ ఎలా జరుగుతున్నది, ఈ విషయంలో జిల్లాల స్థాయిలో చేయదగినది ఏమిటి అన్న అంశాలపై సమగ్ర సమాచారం అందించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బొమ్మ ఒక డబ్బాలో, ధ్వని మరొక డబ్బాలో

35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌పై సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగుల ఫిల్మ్ నడుస్తుంది. రెండున్నర గంటల చిత్రానికి 13,500 అడుగుల ఫిల్మ్, 2,16,000 ఫ్రేములు అవసరమవుతాయి. ఇంత నిడివిని వేయి అడుగుల రీళ్లుగా విభజించి, ఒక్కొక్క రీలును ఒక్కొక్క గుండ్రని డబ్బాలో ఉంచేవారు. వేయి అడుగుల రీలు ప్రదర్శనకు పట్టే సమయం పదకొండు నిమిషాలు.

ప్రేక్షకుడు చూసే ప్రింటుపై బొమ్మ, ధ్వని రెండూ ఒకే ఫిల్మ్‌పై ఉంటాయి. ఫ్రేములకూ, అంచున ఉన్న రంధ్రాలకూ మధ్య సన్నని గీత వలె కనిపించేదే సౌండ్ ట్రాక్. ఈ గీత వెడల్పులో గానీ సాంద్రతలో గానీ కలిగే మార్పుల గుండా కాంతి ప్రసరించినప్పుడు ప్రొజెక్టర్‌లోని సాధనం ఆ కాంతి హెచ్చుతగ్గులను ధ్వనిగా మారుస్తుంది. ధ్వనిని గ్రహించే భాగం బొమ్మను చూపే కటకానికి కొంత దూరంలో ఉన్నందున, ఒక ఫ్రేముకు చెందిన మాట సుమారు 20 ఫ్రేములు ముందుగా ముద్రితమై ఉంటుంది. రీలు మధ్యలో తెగి, అతికించే క్రమంలో నాలుగు ఫ్రేములు పోతే, పోయిన బొమ్మ ఒక సన్నివేశానిది, పోయిన మాట దాని తరువాతి క్షణానిది అవుతుంది. పాత ప్రింటులలో సంభాషణ హఠాత్తుగా ఎగిరిపడటానికి కారణం ఇదే.

అయితే లేబొరేటరీలో ఈ రెండూ వేర్వేరు. బొమ్మకు పిక్చర్ నెగటివ్, ధ్వనికి సౌండ్ నెగటివ్ ఉంటాయి. ప్రింటు తీసేటప్పుడు మాత్రమే అవి రెండూ ఒకే ఫిల్మ్‌పైకి వస్తాయి. వేర్వేరు డబ్బాలలో ఉండే ఈ రెండు నెగటివ్‌లు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కారణాలతో పాడవుతాయి. కొన్ని చిత్రాలకు చక్కని పిక్చర్ నెగటివ్ ఉండి సౌండ్ నెగటివ్ లేదు. మరికొన్నింటికి ఇందుకు విపర్యయం. పరిరక్షణ లెక్కల్లో ‘ఈ చిత్రం మా వద్ద ఉంది’ అన్న ఒక్క వాక్యం చాలదు. ఏ నెగటివ్ ఉంది, ఎన్ని రీళ్లు ఉన్నాయి, ఏ స్థితిలో ఉన్నాయి అన్నవి తెలిస్తే గాని ఆ వాక్యానికి విలువ రాదు.

రికార్డుపై ఉన్నది చిత్రంలోని పాట కాదు

సినిమా పాటలు గ్రామఫోను రికార్డులుగా వెలువడినందువల్లనే నేటికి మిగిలాయన్నది నిజం. అయితే 78 చుట్ల పది అంగుళాల రికార్డుపై ఒక్కొక్క వైపున పట్టే నిడివి మూడు నిమిషాలకు కొంచెం పైన మాత్రమే. చిత్రంలో ఐదు నిమిషాలు సాగే పాటను రికార్డు కోసం రెండు వైపులకు విడదీయవలసి వచ్చేది, లేదా ఒక చరణం, కొంత వాద్యసంగీతం తగ్గించవలసి వచ్చేది. కొన్ని సందర్భాలలో రికార్డు కోసం పాటను మళ్లీ పాడించారు. పాటకు ముందు వచ్చే సాకీ, నడుమ వచ్చే సంభాషణ, నటీనటుల నవ్వు, గజ్జెల సవ్వడి రికార్డుపైకి ఎక్కలేదు. కవి రాసిన చరణాలన్నీ ఉన్నది చిత్రంలోనే అయినప్పుడు, ఆ చిత్రం రీలు పోతే చరణం కూడా పోయినట్లే.

ఇక నేపథ్య సంగీతం సంగతి మరింత సున్నితమైనది. సాలూరు రాజేశ్వరరావు, పెండ్యాల నాగేశ్వరరావు వంటి సంగీత దర్శకులు సన్నివేశాలకు సమకూర్చిన వాద్యసంగీతం చాలావరకు ఏ రికార్డుగానూ వెలువడలేదు. అది సౌండ్ ట్రాక్‌పై మాత్రమే ఉంది. మహానటుల సంభాషణలూ అంతే. ప్రజాదరణ పొందిన కొద్ది చిత్రాల సంభాషణలు మాత్రమే లాంగ్‌ప్లే రికార్డులుగా వచ్చాయి.

ఈ సందర్భంలో ఆకాశవాణి చేసిన సేవను ప్రస్తావించకుండా ఉండలేము. ‘సంక్షిప్త శబ్దచిత్రం’ పేరిట చలనచిత్ర ధ్వనిని గంట నిడివికి కుదించి ప్రసారం చేసిన రోజుల్లో, సినిమాహాలు లేని గ్రామాలు సైతం సినిమాను చెవులతో చూశాయి. చిత్రం చూడకుండానే సంభాషణలు వల్లెవేసిన తరం ఒకటి ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉంది. ఆ ప్రసారాలకు మూలం ఫిల్మ్‌పై ఉన్న ధ్వనియే.

ఇప్పటికే కోల్పోయినవి

తెలుగువారి తొలి చలనచిత్ర ప్రయత్నంగా పరిగణింపబడే మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ను 1921లో మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ నిర్మించారు. ఆ చిత్రం నేడు లేదు. 1931 అక్టోబరు 31న విడుదలై, తమిళ, తెలుగు మాటలు రెండూ వినిపించిన ‘కాళిదాస్’ లేదు. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో సురభి నాటక సమాజం కళాకారులతో తయారైన తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి కూడా లభ్యం కాలేదు. భారతదేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ (1931) గతి కూడా ఇదే.

‘భక్త ప్రహ్లాద’ విషయంలో పాత్రికేయులు గమనించవలసిన అంశం ఒకటి ఉంది. ఆ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలైనట్లు దశాబ్దాల పాటు పుస్తకాలలో, పత్రికలలో రాస్తూ వచ్చారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలను, సెన్సారు వివరాలను పరిశీలించి, ఆ చిత్రానికి సెన్సారు ధ్రువీకరణ లభించినది 1932 జనవరి 22న అనీ, బొంబాయిలో అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైనదనీ నిరూపించారు. చిత్రం ప్రతి ఒక్కటి మిగిలి ఉంటే, దాని మొదటి రీలుపై ఉండే సెన్సారు పత్రమే ఈ వివాదాన్ని క్షణంలో తీర్చి ఉండేది. ఒక జాతి తన తొలి టాకీ పుట్టినరోజు తెలుసుకోవడానికి ఇంత శ్రమపడవలసి వచ్చింది.

నష్టానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. నలుపు తెలుపు ఫిల్మ్‌లో బొమ్మ ఏర్పడేది వెండి కణాలతో. ప్రదర్శన కాలం ముగిసిన ప్రింటులను, కొన్నిసార్లు నెగటివ్‌లను కూడా, వెండి తీసే వ్యాపారులకు తూకానికి అమ్మడం దేశమంతటా సాగింది. వెండి పోగా మిగిలిన పారదర్శకపు పట్టీ గాజుల తయారీకి, చేతిసంచుల తయారీకి వెళ్లింది. అప్పుల్లో కూరుకుపోయిన నిర్మాతకు ఆ వెండి చివరి ఆదాయం. రెండవ విడుదల మీద ఆశ లేని రోజుల్లో గోదాము అద్దె కట్టి డబ్బాలు దాచమని ఆయనను నిందించడం న్యాయం కాదు.

ఫిల్మ్ ఎందుకు పాడవుతుంది

1950ల ఆరంభం వరకు వాడిన ఫిల్మ్ అధికంగా సెల్యులోజ్ నైట్రేట్‌తో తయారైనది. దానికి మంట అంటుకుంటే నీటిలో ముంచినా ఆరదు. దహనానికి కావలసిన ప్రాణవాయువును అదే విడుదల చేసుకుంటుంది. 2003 జనవరి 8న పుణేలో నైట్రేట్ ఫిల్మ్ భద్రపరచిన గిడ్డంగిలో సంభవించిన అగ్నిప్రమాదంలో తొలినాటి భారతీయ చిత్రాల అమూల్యమైన రీళ్లు బూడిదయ్యాయి.

నైట్రేట్ స్థానంలో వచ్చిన ‘సేఫ్టీ ఫిల్మ్’ అసిటేట్‌తో చేసినది. ఇది భగ్గుమనదు గానీ నెమ్మదిగా కుళ్లుతుంది. తేమ, వేడి తగిలినప్పుడు అసిటేట్ విచ్ఛిన్నమై అసిటిక్ ఆమ్లం విడుదలవుతుంది. డబ్బా మూత తీయగానే ముక్కుపుటాలకు తగిలే పుల్లని సిర్కా వాసన దానిదే. ఆ ఆమ్లమే తిరిగి విచ్ఛిన్నాన్ని వేగవంతం చేస్తుంది. ఫిల్మ్ కుంచించుకుపోయి, వంకర్లు తిరిగి, చివరకు ఏ యంత్రంలోనూ నడవని స్థితికి చేరుతుంది. ఒక డబ్బాలో మొదలైన ఈ జబ్బు పక్క డబ్బాలకు కూడా సోకుతుంది. అమెరికాలోని ఇమేజ్ పెర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం 21 డిగ్రీల ఉష్ణోగ్రత, 50 శాతం తేమ ఉన్న గదిలో కొత్త అసిటేట్ ఫిల్మ్‌కు ఈ జబ్బు ఆరంభం కావడానికి సుమారు 40 సంవత్సరాలు పడుతుంది. మన ప్రాంతపు వేసవిలో రేకుల కప్పు కింద ఉన్న గదిని తలచుకుంటే ఆ గడువు ఎంతగా తగ్గుతుందో వేరే చెప్పనవసరం లేదు.

రంగుల చిత్రాల పరిస్థితి మరొక విధమైనది. రంగుల ఫిల్మ్‌లో వెండి ఉండదు, మిగిలేవి రసాయనిక వర్ణాలే. వాటిలో నీలి వర్ణం ముందుగా వెలసిపోయి ప్రింటు మొత్తం గులాబీ ఛాయకు తిరుగుతుంది. తెలుగులో తొలి పూర్తి నిడివి వర్ణచిత్రం ‘లవకుశ’ (1963) నాటి నుండి వచ్చిన చిత్రాలన్నింటికీ ఈ ముప్పు ఉంది. విచిత్రమేమిటంటే 1951 నాటి నలుపు తెలుపు నెగటివ్ 1975 నాటి రంగుల నెగటివ్ కంటే మెరుగ్గా నిలిచి ఉండే అవకాశం కలదు.

మద్రాసు లేబొరేటరీలు, చెదరిన డబ్బాలు

తెలుగు చిత్ర పరిశ్రమ దశాబ్దాల తరబడి మద్రాసు కేంద్రంగా సాగినందువల్ల, షూటింగులు హైదరాబాదుకు తరలిన తరువాత కూడా అనేక చిత్రాల నెగటివ్‌లు అక్కడి లేబొరేటరీల గిడ్డంగులలోనే ఉండిపోయాయి. 2010ల ఆరంభంలో సినిమాహాళ్లు ఫిల్మ్ ప్రొజెక్టర్ల స్థానే డిజిటల్ ప్రదర్శనకు మారడంతో ఫిల్మ్ లేబొరేటరీల పని ఆగిపోయింది. కొన్ని నెగటివ్‌లను నిర్మాతల వారసులు తీసుకువెళ్లారు, కొన్ని చేతులు మారాయి, కొన్నింటి జాడ తెలియకుండా పోయింది.

ఇది మన తాతల నాటి చిత్రాలకు మాత్రమే పరిమితమైన సమస్య అనుకోవడం పొరపాటు. 1990 మే 9న విడుదలై ఘన విజయం సాధించిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ చిత్రాన్ని పునర్విడుదల చేయదలచినప్పుడు నెగటివ్ దొరకలేదని నిర్మాణ సంస్థ వైజయంతీ మూవీస్ వెల్లడించింది. చాలాకాలం వెదికిన పిదప 2018లో విజయవాడలో దెబ్బతిన్న స్థితిలో లభించిన ఫిల్మ్ ఆధారంగా డిజిటల్ పునరుద్ధరణ జరిపి, 2025 మే 9న ద్విమితీయ, త్రిమితీయ రూపాల్లో విడుదల చేశారు. లక్షలాది మంది చూసిన, ముప్పై ఐదేళ్లు మాత్రమే నిండిన చిత్రానికే ఈ గతి పడితే, ఒకటి రెండు వారాలు ఆడి వెళ్లిపోయిన చిత్రాల సంగతి ఊహించవచ్చు.

పునరుద్ధరణ అంటే ఏమిటి

ఈ మాటను పత్రికలు మూడు నాలుగు అర్థాలలో వాడుతున్నందున వివరణ అవసరం. ఫిల్మ్‌ను స్కాన్ చేసి కంప్యూటర్ ఫైలుగా మార్చడం డిజిటలీకరణ. ఆ ఫైలులోని లోపాలను తొలగించి, చిత్రం విడుదలైన నాటి రూపానికి వీలైనంత దగ్గరగా తీసుకురావడం పునరుద్ధరణ. నలుపు తెలుపు చిత్రానికి రంగులు వేయడం ఈ రెండింటిలోనూ చేరదు. టెలివిజన్ కోసం తీసిన వీడియో ప్రతిని సాఫ్ట్‌వేర్‌తో పెద్దది చేసి ‘4కె’ అని పేరు పెట్టడం కూడా చేరదు.

పునరుద్ధరణ పని చేతులతోనే మొదలవుతుంది. నిపుణులు రీలును అంగుళం అంగుళం పరీక్షించి, చిరిగిన రంధ్రాలను, విడిపోయిన అతుకులను సరిచేస్తారు. దుమ్ము, బూజు తొలగించి శుభ్రపరచిన పిదపనే స్కానింగ్. అప్పటి వరకు గీతగా కనిపించిన లోపం ద్రవంలో తడిపి స్కాన్ చేసినప్పుడు మాయం కావడమూ కద్దు. 4కె స్కానింగ్‌లో ఒక్క ఫ్రేముకు సుమారు 50 మెగాబైట్ల ఫైలు తయారవుతుంది. రెండున్నర గంటల చిత్రానికి ఇది దాదాపు 11 టెరాబైట్లు. అటుపై గీతలు, మచ్చలు, మినుకుమినుకుమనే వెలుతురు, ఊగే బొమ్మ ఒక్కొక్కటిగా సరిచేయబడతాయి.

ధ్వని విషయంలో నిగ్రహం ఎక్కువ అవసరం. చిటపటలు, గుయ్యిమనే విద్యుత్ రొద, ఫిల్మ్ అరుగుదల వల్ల వచ్చే బుసబుస తొలగించవచ్చు. కానీ యంత్రానికి బుసకూ, గాయకుని ఊపిరికీ, వేణువు అంచున ఉండే గాలికీ తేడా తెలియదు. అతిగా శుభ్రం చేసిన ధ్వనిలో గొంతు నీటి అడుగు నుండి వస్తున్నట్లు వినబడుతుంది. ఘంటసాల గాత్రంలోని గాంభీర్యం పాత రికార్డుపై చిటపటల మధ్య వినబడి, కొత్త ప్రతిలో పలచబడినట్లు తోస్తే అందుకు కారణం ఇదే. కొంత బుస ఉండనివ్వడం మేలు.

తెలుగులో అధికంగా చర్చకు వచ్చిన ఉదాహరణ ‘మాయాబజార్’. 1957 మార్చి 27న విడుదలైన ఈ విజయా సంస్థ చిత్రాన్ని హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వర్ణచిత్రంగా మార్చి, ధ్వనిని డీటీఎస్ విధానంలోకి తెచ్చి, 2010 జనవరి 30న విడుదల చేసింది. కొత్త తరం ప్రేక్షకులను సినిమాహాలుకు రప్పించిన ఘనత ఆ ప్రతికి దక్కుతుంది. అయినప్పటికీ మార్కస్ బార్ట్లీ వెలుగునీడలతో చిత్రించినది నలుపు తెలుపు చిత్రాన్నే. భద్రపరచవలసిన మూలం అదే. వర్ణప్రతి దానికి అనుబంధం అవుతుంది గాని ప్రత్యామ్నాయం కాజాలదు.

ఇందుకు భిన్నంగా, మూలరూపాన్నే లక్ష్యంగా పెట్టుకున్న పని ‘దేవదాసు’ (1953)పై జరిగింది. జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలోని జాతీయ చలనచిత్ర భాండాగారం పునరుద్ధరించిన ఆ చిత్రాన్ని అక్కినేని నాగేశ్వరరావు శతజయంతి సందర్భంగా 2024లో గోవాలో జరిగిన భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. ‘శంకరాభరణం’ (1980) చిత్రానికి సిద్ధం చేసిన డిజిటల్ ప్రతి అదే ఉత్సవంలో 2022లో ప్రదర్శితమైంది. ఇదే క్రమంలో 2024 సెప్టెంబరు 20 నుండి 22 వరకు ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ చేపట్టిన అక్కినేని చిత్రోత్సవంలో ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’ సహా పది చిత్రాలు దేశంలోని పలు నగరాలలో ప్రదర్శింపబడ్డాయి. ఆ జాబితాలో హైదరాబాదుతో పాటు వరంగల్ కూడా ఉండటం ఈ ప్రాంతవాసులకు సంతోషకరం.

జాతీయ స్థాయిలో

జాతీయ చలనచిత్ర భాండాగారం 1964 ఫిబ్రవరిలో పుణేలో ఏర్పాటైంది. దాని తొలినాటి సారథి పి.కె.నాయర్ గోదాములు, పాత ఇళ్లు గాలించి సేకరించిన రీళ్ల వల్లనే దాదాసాహెబ్ ఫాల్కే చిత్రాలు కొంతైనా మిగిలాయి. 2022లో భాండాగారం జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైంది. కేంద్ర ప్రభుత్వం సుమారు రూ.597 కోట్ల అంచనా వ్యయంతో జాతీయ చలనచిత్ర వారసత్వ మిషన్‌ను చేపట్టింది. ఇందులో భాగంగా సుమారు 2,200 చిత్రాల పునరుద్ధరణకు రూ.363 కోట్లు కేటాయించినట్లు 2022 మేలో ప్రకటించింది. శిక్షణ విషయానికి వస్తే, అంతర్జాతీయ చలనచిత్ర భాండాగారాల సమాఖ్య సహకారంతో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019 డిసెంబరులో హైదరాబాదులోని అన్నపూర్ణ స్టూడియోలో వారం రోజుల కార్యశాల నిర్వహించింది.

కాలిపోయిన ఫిల్మ్ కూడా పనికిరాదని తోసివేయరాదనడానికి సత్యజిత్ రాయ్ చిత్రాలే తార్కాణం. 1993లో లండన్‌లోని ఒక లేబొరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో అపు చిత్రత్రయం నెగటివ్‌లు దగ్ధమయ్యాయి. మాడిన రీళ్లను పారవేయకుండా అమెరికాలోని మోషన్ పిక్చర్ అకాడమీ దాచి ఉంచింది. ఇరవై ఏళ్ల తరువాత ఇటలీలోని బొలోన్యా నిపుణులు వాటికి తేమ పట్టించి, మెత్తబరచి, ‘పథేర్ పాంచాలి’లో 40 శాతం, ‘అపరాజితో’లో 60 శాతానికి పైగా తిరిగి వాడుకోగలిగారు. 2015లో ఆ చిత్రాలు మళ్లీ ప్రేక్షకుల ముందుకు వచ్చాయి.

చట్టం ఏమంటున్నది

దేశంలో ముద్రితమయ్యే పుస్తకాల ప్రతులను నిర్దిష్ట గ్రంథాలయాలకు అందజేయాలని 1954 నాటి చట్టం నిర్దేశిస్తున్నది. చలనచిత్రాలకు ఇటువంటి నిక్షేప చట్టం లేదు. ఈ లోటు పూరించబడనంత వరకు పరిరక్షణ నిర్మాత ఇష్టంపైనే ఆధారపడి ఉంటుంది.

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం చలనచిత్రంపై, ధ్వనిముద్రణపై హక్కులు విడుదలైన సంవత్సరం ముగిసిన తరువాత 60 సంవత్సరాల వరకు ఉంటాయి. ఆ లెక్కన ‘వాగ్దానం’ చిత్రంపై హక్కుల కాలం 2021 డిసెంబరుతో ముగిసింది. అయితే సాహిత్యానికి గడువు రచయిత మరణానంతరం 60 సంవత్సరాలు. దాశరథి 1987 నవంబరు 5న పరమపదించినందున ఆయన గీత సాహిత్యం గడువు 2047 వరకు ఉంది. పాత చిత్రాలన్నీ ‘ఎవరైనా వాడుకోవచ్చు’ అని రాసే ముందు ఈ భేదం గుర్తించవలసి ఉంది. హక్కుల గడువు ముగిసినంత మాత్రాన నెగటివ్ చేతికి రాదు. పైగా, ఆదాయం రాదని తెలిసిన తరువాత ఆ డబ్బాలను చల్లని గదిలో ఉంచే ఖర్చు భరించేవారు అరుదు.

జిల్లాల్లో చేయదగినది

కాజీపేట - విజయవాడ మార్గంలో డోర్నకల్ జంక్షన్ నుండి ఒక శాఖామార్గం కొత్తగూడెం వైపు, బొగ్గుగనుల ప్రాంతానికి చీలుతుంది. ఫిల్మ్ డబ్బాలు రైళ్లలో, బస్సులలో ఊరూరా తిరిగిన రోజుల్లో ప్రింటు ముందుగా నగరంలో, పిదప పట్టణాల్లో, చివరగా చిన్న ఊళ్లలో, టూరింగ్ టాకీసులలో ఆడేది. చిన్న ఊరికి చేరేసరికి దానిపై గీతలు, అతుకులు నిండి ఉండేవి. తిరుగు రవాణా ఖర్చు కూడా దండగ అనిపించిన ప్రింటు కొన్నిసార్లు చివరి హాలు వద్దనే ఆగిపోయేది. ఆ కారణంగానే మూతపడిన సినిమాహాళ్లలోని ప్రొజెక్టర్ గదులు, పూర్వపు పంపిణీదారుల ఇళ్లు, విద్యాసంస్థల గోదాములు, ప్రచార విభాగాల పాత బీరువాలు పరిశీలించదగినవి. సమాచార శాఖల సంచార వాహనాలు గ్రామాల్లో ప్రదర్శించిన 16 మిల్లీమీటర్ల రీళ్లు కూడా ఇందులోకి వస్తాయి. కథాచిత్రాల వలె వాటికి అభిమానులు లేరు గనుక అవి ఇంకా త్వరగా పోతాయి.

ఈ ప్రాంతానికి సంబంధించినంత వరకు ఇది సినిమా అభిమానానికి పరిమితమైన విషయం కాదు. దాశరథి సోదరుడు, చిన్నగూడూరులోనే జన్మించిన దాశరథి రంగాచార్య నిజాం నాటి గడీల జీవితాన్ని చిత్రించిన ‘చిల్లర దేవుళ్లు’ నవల అదే పేరుతో చలనచిత్రమైంది. బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించగా గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన ‘మా భూమి’ 1980 మార్చి 23న విడుదలైంది. తెలంగాణ సాయుధ పోరాట ఇతివృత్తంతో నలుపు తెలుపులో తీసిన ఆ చిత్రంలో బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ తెరపై పాడారు. గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. యౌవనంలో ఉన్న ఆయన గొంతు, ఆ ఆహార్యం, ఆ నడక ఒక ఫిల్మ్ రీలుపై ఉన్నాయి. తెలంగాణ పలుకుబడి తెరపై అరుదుగా వినిపించిన కాలంలో తీసిన ఇటువంటి చిత్రాల సౌండ్ ట్రాక్ చరిత్రకారునికి, భాషా పరిశోధకునికి ఒక ఆకరం.

పాత రీళ్లు కనబడినప్పుడు వాటిని ప్రొజెక్టర్‌పై ఆడించి చూడరాదు. కుంచించుకుపోయిన ఫిల్మ్ యంత్రపు పళ్లలో చిక్కి తెగుతుంది, అదే చివరి ప్రతి కావచ్చు. నీటితో గానీ స్పిరిట్‌తో గానీ తుడవరాదు. పుల్లని వాసన వచ్చే డబ్బాలను మిగతా వాటి నుండి వేరుచేసి, గాలి ఆడే నీడ ప్రదేశంలో, నేలకు ఎత్తుగా, పడుకోబెట్టి ఉంచాలి. 1950కి పూర్వపు ఫిల్మ్ అని అనుమానం ఉంటే దీపం, అగ్గిపుల్ల, సిగరెట్టు దరిదాపులకు రానీయకుండా, పరిమాణం ఎక్కువైతే అగ్నిమాపక శాఖకు తెలియజేయాలి. డబ్బాపై అతికించిన చీటీ చిరిగిపోయి ఉన్నా తీసివేయరాదు. చిత్రం పేరు తప్పుగా ఉండవచ్చు గానీ లేబొరేటరీ పేరు, రీలు సంఖ్య, తేదీ వంటివి నిపుణులకు ఆధారాలవుతాయి. పేరు తెలియని రీలైతే తొలి కొన్ని అడుగులను చేతి తొడుగులతో, అంచులు పట్టుకొని వెలుతురుకు ఎత్తి చూస్తే సెన్సారు పత్రం గానీ, పేర్లు గానీ కనిపించవచ్చు. యజమాని పేరు, దొరికిన చోటు, డబ్బాల సంఖ్య, వాసన, తుప్పు వివరాలు రాసి, ఛాయాచిత్రాలతో పుణేలోని జాతీయ చలనచిత్ర భాండాగారానికి తెలియజేయవచ్చు. డబ్బాలు అప్పగించినంత మాత్రాన యజమాని హక్కులు పోవని వారికి వివరించడం మంచిది. రీళ్లు బయటకు రాకపోవడానికి ఆ భయమే చాలాచోట్ల అడ్డంకి.

పునరుద్ధరణ వార్తలు రాసే పాత్రికేయులు నిర్వాహకుల నుండి మూడు విషయాలు అడిగి తెలుసుకుంటే పాఠకులకు ఉపయోగం: స్కాన్ చేసినది మూల నెగటివా, ప్రింటా, వీడియో ప్రతియా, ధ్వని సౌండ్ నెగటివ్ నుండి తీసుకున్నారా, గ్రామఫోను రికార్డు నుండి తెచ్చి అతికించారా, పని పూర్తయిన పిదప ఫిల్మ్‌ను ఎక్కడ ఉంచారు. మూడవ ప్రశ్న సాధారణంగా ఎవరూ అడగరు. డిజిటల్ ఫైలును కూడా కొన్నేళ్లకొకసారి కొత్త టేపుపైకి మార్చుతూ ఉండాలి. టేపు చదివే యంత్రాలే మారిపోతుంటాయి. చల్లని గదిలో ఉన్న ఫిల్మ్‌కు ఆ ఇబ్బంది లేదు గనుక స్కానింగ్ అయిన తరువాత కూడా నెగటివ్‌ను పారవేయరాదు.

డబ్బాలపై బొమ్మకు, ధ్వనికి వేర్వేరు గుర్తులు ఉంటాయి. ధ్వని రీలును విప్పి చూస్తే బొమ్మలు లేని ఖాళీ ఫిల్మ్ అంచున సన్నని గీత మాత్రమే కనిపిస్తుంది. ఖాళీ రీలు అనుకొని పాత సామాను వానికి వేసినవి ఇవే అధికం. ఇటువంటి డబ్బాలు ఎదురైనప్పుడు వాటిని బొమ్మ రీళ్లతో పాటు జాబితాలో చేర్చి, రెండింటినీ కలిపే అప్పగించవలసిందిగా సంబంధిత అధికారులకు, సినిమాహాళ్ల యజమానులకు మనవి.